తండ్రిగా దేవుడు: రోజువారీ విశ్వాస జీవితంలో తరచుగా అడిగే ప్రశ్నలు

ఆరాధన ముగిశాక ఒకరిద్దరు ఆగి అడిగేవి, ప్రార్థన కూటంలో పైకి అనలేక తర్వాత ఫోన్ చేసి అడిగేవి ఇక్కడ పెట్టాను. కొన్నిటికి జవాబు రెండు ముక్కల్లో అయిపోతుంది, కొన్నిటికి కాదు. అన్నిటి వెనకా ఉన్న నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మనలో చాలామందిమి నోటితో "తండ్రీ" అంటాం గానీ, లోపల మాత్రం యజమాని దగ్గర కూలి లెక్క చూసుకునే పనివాళ్ళలా బతుకుతున్నాం. ఇన్ని రోజులు ఉపవాసం ఉన్నాను, ఇంత కానుక వేశాను, ఇన్ని తప్పులు చేశాను, కాబట్టి నాకు రావలసింది ఇంత అని. కింది ప్రశ్నల్లో సగం ఆ లెక్కలోంచి పుట్టినవే.

దేవుణ్ణి తండ్రి అని పిలవడం యేసు ప్రభువుతోనే మొదలైందా?

కాదు, పాత నిబంధనలోనే ఉంది. ఇశ్రాయేలు తన కుమారుడని, తన జ్యేష్ఠపుత్రుడని ఫరోతో చెప్పమని దేవుడు మోషేను పంపాడు (నిర్గమకాండము 4:22). "యెహోవా, నీవే మాకు తండ్రివి" అని యెషయా ప్రార్థించాడు (64:8). హోషేయ 11వ అధ్యాయం తీసి చూడండి. తప్పిపోయిన జనాంగం గురించి మాట్లాడుతూ, వాళ్ళకి చెయ్యి పట్టుకుని నడక నేర్పింది నేనే అంటాడు దేవుడు. ప్రేమతో మొదలై కోపంలోకి వెళ్ళిన మాటలు మధ్యలో గొంతు పూడుకుపోయినట్టు ఆగి, నిన్ను ఎలా విడిచిపెట్టగలను అని అడుగుతాయి.

అయితే అక్కడ ఆయన ఎక్కువగా జనాంగమంతటికీ తండ్రి. ఒక మామూలు మనిషి గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుని, రహస్యమందున్న తన తండ్రితో మాట్లాడుకోవచ్చని చెప్పింది యేసు. మత్తయి 6వ అధ్యాయం ఒక్కదానిలోనే దేవుణ్ణి తండ్రి అనడం పదిసార్లకు పైగా కనిపిస్తుంది. యోహాను సువార్త మొత్తంలో వందసార్లు దాటుతుంది.

నాకు బాగా ఇష్టమైన చోటు మాత్రం యోహాను 20:17. యేసును పట్టుకున్న రాత్రి శిష్యులు పారిపోయారు, పేతురు ఆయనెవరో తెలియదన్నాడు. తిరిగి లేచిన ఉదయం మగ్దలేనే మరియ చేత ఆయన పంపిన కబురులో వాళ్ళని "నా సహోదరులు" అన్నాడు. "నా తండ్రియు మీ తండ్రియు" అని కూడా అన్నాడు. వాళ్ళు వచ్చి క్షమాపణ అడగకముందే అన్నమాట.

దేవుడు అందరికీ తండ్రేనా, విశ్వాసులకు మాత్రమేనా?

ప్రాణం ఇచ్చినవాడిగా అందరికీ. ఏథెన్సులో అరేయొపగు సభలో పౌలు గ్రీకు కవుల మాటనే తీసుకుని "మనమాయన సంతానము" అన్నాడు (అపొస్తలుల కార్యములు 17:28). వింటున్నవాళ్ళు విగ్రహాలను పూజించేవాళ్ళే. కాబట్టి ఏ మనిషినీ దేవునికి పరాయివాడన్నట్టు చూసే హక్కు మనకు లేదు.

కానీ ఆయన ఇంట్లో కొడుకుగా, కూతురుగా ఉండటం వేరే సంగతి. తనను అంగీకరించినవారికి దేవుని పిల్లలయ్యే అధికారం ఇచ్చాడని యోహాను 1:12 చెబుతుంది. పౌలు దీన్ని దత్తత అంటాడు. ఆయన ఉత్తరం చదివిన రోమా విశ్వాసులకు దత్తత అంటే బాగా తెలుసు. ఆ సమాజంలో ఎదిగిన మగవాళ్ళనే ఎక్కువగా దత్తత తీసుకునేవారు, పేరూ ఆస్తీ నిలబెట్టడానికి. చక్రవర్తి ఔగుస్తు క్రీ.శ. 4లో తిబెరియను దత్తత తీసుకున్నప్పుడు అతని వయసు నలభై దాటింది. పదేళ్ళ తర్వాత అతనే చక్రవర్తి అయ్యాడు. దత్తత వెళ్ళినవాడు పాత కుటుంబపు అధికారం కిందనుంచి బయటికి వచ్చి, కొత్త తండ్రి కిందికి వెళ్ళి, కన్న కొడుకుతో సమానంగా వారసుడయ్యేవాడు. "మరల భయపడుటకు మీరు దాస్యపు ఆత్మను పొందలేదు గాని దత్తపుత్రాత్మను పొందితిరి" (రోమీయులకు 8:15) అన్న మాట ఆ ఊళ్ళో ఒక బానిస చెవిన పడితే ఎలా ఉండి ఉంటుందో ఊహించండి. సంఘంలో బానిసలూ కూర్చునేవారు మరి.

మా నాన్న మంచివాడు కాదు. దేవుణ్ణి తండ్రీ అని పిలవాలంటే నోరు రావట్లేదు. ఏం చేయను?

ఈ ప్రశ్న అడిగినవాళ్ళకి "అలా అనకూడదమ్మా, తండ్రి తండ్రే" అని చెప్పి పంపించేస్తుంటారు. దయచేసి ఆ పని చేయకండి. తాగొచ్చి కొట్టిన నాన్న, వదిలేసి వెళ్ళిపోయిన నాన్న, ఇంట్లోనే ఉండి ఏళ్ళ తరబడి ఒక్క మంచి మాట అనని నాన్న ఉన్నవాళ్ళకి ఆ పిలుపు చేదుగా ఉండటంలో తప్పేమీ లేదు. అది అవిశ్వాసం కాదు, గాయం.

బైబిల్ తండ్రులందర్నీ దేవుళ్ళలా చూపించదు. "మీరు చెడ్డవారై యుండియు" మీ పిల్లలకు మంచి ఈవులు ఇస్తారు కదా అంటాడు యేసు (మత్తయి 7:11). మంచి నాన్నల గురించి మాట్లాడుతూ కూడా ఆ మొదటి ముక్క వదల్లేదు. "నా తలిదండ్రులు నన్ను విడిచినను యెహోవా నన్ను చేరదీయును" అని 27వ కీర్తన పాడుతుంది. విడిచిపెట్టే తలిదండ్రులుంటారని ఒప్పుకున్న పాటే అది. 68వ కీర్తన ఆయన్ని తండ్రి లేనివారికి తండ్రి అంటుంది.

అందుకే నా సలహా, మీ నాన్నను చూసి అక్కణ్ణుంచి దేవుణ్ణి ఊహించుకునే పని మానేయండి. "నన్ను చూచిన వాడు తండ్రిని చూచియున్నాడు" అని యేసు ఫిలిప్పుతో అన్నాడు (యోహాను 14:9). చూడాల్సింది ఆయన్ని. మార్కు 5వ అధ్యాయం నెమ్మదిగా చదవండి. సమాజమందిరపు అధికారి యాయీరు వచ్చి కాళ్ళమీద పడతాడు. చావుబతుకుల్లో ఉన్నది అతని చిన్న కూతురు, పన్నెండేళ్ళది. తన పిల్ల కోసం బతిమాలే నాన్న అతను. దారిలో గుంపులోంచి ఒక స్త్రీ వెనకగా వచ్చి యేసు వస్త్రం ముట్టుకుంటుంది. పన్నెండేళ్ళుగా రక్తస్రావం, ఉన్నదంతా వైద్యులకు పోసింది. ఆమె తరఫున అడగడానికి తండ్రి గానీ భర్త గానీ వచ్చినట్టు అక్కడ రాయలేదు. యాయీరు తొందర ఎంతటిదో తెలిసీ యేసు ఆగాడు. వణికిపోతూ నిజమంతా చెప్పిన ఆమెను "కుమారీ" అని పిలిచాడు. సువార్తల్లో ఆయన ఒక స్త్రీని అలా పిలిచింది ఆ ఒక్కసారే. తండ్రి ఉన్న అమ్మాయి దగ్గరికీ వెళ్ళాడు, ఎవరూ లేని ఆమెకీ ఆ పిలుపు ఇచ్చాడు.

కొంతకాలం "తండ్రీ" అనలేకపోతే అనకండి. "ప్రభువా" అనండి, "నా కాపరీ" అనండి. 23వ కీర్తనతో ప్రార్థించండి. ఎవరూ తొందరపెట్టరు.

ఇంకొక మాట. నాన్నను క్షమించడమంటే, కొట్టే చోటికి మళ్ళీ వెళ్ళి ఉండమని కాదు. హింస ఇంకా జరుగుతుంటే ముందు సురక్షితమైన చోటు చూసుకోవాలి, నమ్మకమైన మనిషికి చెప్పాలి, అవసరమైతే పోలీసులకూ చెప్పాలి. గాయం లోతుగా ఉంటే కౌన్సెలర్ దగ్గరికి వెళ్ళడం విశ్వాసం తక్కువైనందుకు కాదు.

మళ్ళీ అదే తప్పు చేశాను. ఏ మొహం పెట్టుకుని ప్రార్థన చేయను?

యేసు చెప్పిన తప్పిపోయిన కుమారుడి కథ మనకి ఎంత తెలుసంటే, ఇక చదవం. లూకా 15 ఒకసారి కొత్తగా చదువుదాం.

జ్యేష్ఠుడికి రెండు పాళ్ళు రావాలని ద్వితీయోపదేశకాండము 21:17 చెబుతుంది. ఉన్నది ఇద్దరు కొడుకులైతే చిన్నవాడి వాటా మూడో వంతు. తండ్రి బతికుండగానే ఆ వాటా అడిగి పట్టుకెళ్ళి తగలేశాడు. చివరికి పందుల దగ్గర చేరాడు, పందిని అపవిత్రంగా చూసే యూదుడికి అంతకన్నా దిగజారడం ఉండదు. అక్కడ కూర్చుని ఇంటికెళ్ళి ఏమనాలో మాటలు పేర్చుకుంటాడు. అందులో మూడు ముక్కలున్నాయి. పరలోకానికీ నీకూ విరోధంగా పాపం చేశాను. నీ కొడుకునని పిలిపించుకోవడానికి యోగ్యుణ్ణి కాను. నన్ను నీ కూలివాళ్ళలో ఒకడిగా పెట్టుకో.

ఇప్పుడు 21వ వచనం చూడండి. మొదటి రెండూ అంటాడు. మూడోది ఉండదు. ఆ లోపే తండ్రి దాసుల్ని కేకేసి వస్త్రం తెమ్మంటాడు, ఉంగరం తెమ్మంటాడు, చెప్పులు తెమ్మంటాడు. కూలివాడిగా చేరతానన్న బేరం తండ్రి చెవిదాకా చేరనే లేదు. పాపం ఒప్పుకోవడాన్ని ఆయన ఆపలేదు, యోగ్యుణ్ణి కానన్న మాటనూ విన్నాడు. కూలి మాట మాత్రం రానివ్వలేదు.

మన బేరాలు కూడా అలాంటివే. పడిపోయాక వారం రోజులు బైబిల్ ముట్టం. కాస్త మంచిగా ఉండి, ఆ తర్వాత ధైర్యంగా మోకరిద్దామనుకుంటాం. మనకి మనమే వేసుకున్న శిక్ష అది, దేవుడు అడగలేదు. పడిన రోజే వెళ్ళండి. "ఎవడైనను పాపము చేసినయెడల" తండ్రి దగ్గర మన తరఫున మాట్లాడే ఉత్తరవాది ఒకడున్నాడని 1 యోహాను 2:1 చెబుతుంది. మనం పాపం చేయకూడదనే ఇవి రాస్తున్నానని కూడా అదే వచనం చెబుతుంది.

అలాగైతే జనం అలుసుగా తీసుకోరా అని పెద్దలు అడుగుతుంటారు. తీసుకునేవాళ్ళు తీసుకుంటారు. పౌలునూ ఇదే అడిగారు, రోమీయులకు 6వ అధ్యాయం అందుకే పుట్టింది. ఇంటికి తిరిగొచ్చినవాడు మర్నాడు పందుల దగ్గరికి వెళ్ళాలనుకుంటాడా? వెళ్ళాలనిపిస్తుంటే, ఇంకా ఇల్లు చేరలేదేమో చూసుకోవాలి. ఒకే పాపం వదలకుండా పట్టి పీడిస్తుంటే ఒంటరిగా పోరాడకండి. నోరు జారని విశ్వాసి ఒకరికి చెప్పుకోండి.

ఈ జబ్బు, ఈ నష్టం దేవుడు నాకు వేసిన శిక్షా?

"ప్రభువు తాను ప్రేమించువానిని శిక్షించి" అన్న హెబ్రీయులకు 12:6 పట్టుకుని ఎంతమందిని ఏడిపించామో. ఆ అధ్యాయంలో ఉన్నది విశ్వాసం కోసం హింస పడుతూ అలసిపోయిన జనం. మీ కష్టం వృథా కాదు, తండ్రి మిమ్మల్ని కొడుకుల్లాగే చూస్తున్నాడు, కుంగిపోకండి అని వాళ్ళకి ధైర్యం చెప్పే మాట అది. ఆస్పత్రి మంచం మీద ఉన్నవాడి దగ్గర నిలబడి, ఏ పాపం దాచావో ఒప్పుకో అనడానికి ఇచ్చిన మాట కాదు.

యేసు ఈ విషయంలో చాలా స్పష్టంగా ఉన్నాడు. పుట్టుగుడ్డివాణ్ణి చూపించి ఎవరి పాపం అని శిష్యులు అడిగితే, వీడిదీ కాదు, వీడిని కన్నవాళ్ళదీ కాదన్నాడు (యోహాను 9:3). సిలోయము గోపురం కూలి 18 మంది చనిపోయినప్పుడు, వాళ్ళు మిగతావాళ్ళకంటే పాపులు కారన్నాడు (లూకా 13:4).

దేవుడు తన పిల్లల్ని దిద్దడా అంటే, దిద్దుతాడు. కానీ ఆయన దిద్దేటప్పుడు విషయం ఏమిటో తెలుస్తుంది. వాక్యం చదువుతుంటే ఒక మాట గుచ్చుతుంది, ఫలానా మనిషికి చేసిన అన్యాయం గుర్తొచ్చి నిద్ర పట్టదు, వెళ్ళి సరిచేసుకునేదాకా లోపల నెమ్మది ఉండదు. ఎందుకో తెలియకుండా "నువ్వు పనికిరావు" అని మాత్రమే చెవిలో మోగుతుంటే ఆ గొంతు తండ్రిది కాదు. జబ్బు చేస్తే ప్రార్థన చేయండి, డాక్టర్ దగ్గరికీ వెళ్ళండి.

ప్రేమించే తండ్రి అయితే అడిగింది ఎందుకు ఇవ్వడు?

దీనికి అన్ని సందర్భాల్లోనూ సరిపోయే జవాబు నా దగ్గర లేదు. ఉందని చెప్పేవాళ్ళని చూస్తే కొంచెం భయం కూడా.

రొట్టె అడిగితే రాయి ఇచ్చే తండ్రి ఉండడని యేసు చెప్పాడు. లూకా సువార్తలో చేపకు బదులు పాము, గుడ్డుకు బదులు తేలు కూడా వస్తాయి. చిత్రంగా, ఆ మాట ముగిసేసరికి తండ్రి ఇస్తానన్నది రొట్టే కాదు, చేపా కాదు, పరిశుద్ధాత్మ (లూకా 11:13). అంటే తనను తానే ఇస్తానంటున్నాడు. ఉద్యోగం అడిగేటప్పుడు ఆ సంగతి మనకి పెద్ద ఓదార్పుగా అనిపించదు, నిజమే. అయినా మాట అదే.

అందరికంటే ప్రియమైన కుమారుడే అడిగి పొందని రాత్రి ఒకటుంది. తనను పట్టుకోబోయే ముందు గెత్సేమనే అనే చోట యేసు "అబ్బా తండ్రీ, నీకు సమస్తము సాధ్యము" అని మొదలుపెట్టి (అబ్బా అంటే ఆయన భాషలో తండ్రి అనే), ఈ గిన్నె, అంటే రాబోయే శ్రమ, తొలగించమని వేడుకున్నాడు (మార్కు 14:36). గిన్నె తొలగలేదు. అదే మాటలతో మళ్ళీ వెళ్ళి అడిగాడు. కాబట్టి అడిగింది దొరకలేదు గనుక నేను బిడ్డను కానేమో అన్న లెక్క తప్పని అక్కడే తేలిపోతుంది. పౌలు కూడా తన శరీరంలోని ఒక బాధను ముల్లు అని, దాన్ని తీసేయమని మూడుసార్లు వేడుకుంటే "నా కృప నీకు చాలును" అన్న జవాబు వచ్చింది, ముల్లు పోలేదు.

విశ్వాసం చాలకే నీకు రాలేదని ఎవరైనా అంటే, గెత్సేమనే గుర్తు చేసి మర్యాదగా పక్కకి తప్పుకోండి. అడగడం మాత్రం మానకండి. కోపమొస్తే ఆ కోపంతోనే అడగండి. కీర్తనల్లో "ఎంతకాలము?" అన్న కేక ఎన్నిసార్లు వస్తుందో చూస్తే మీకే ఆశ్చర్యం వేస్తుంది.

మనకేం కావాలో ఆయనకి ముందే తెలుసు కదా, మళ్ళీ చెప్పడం ఎందుకు?

తెలుసని చెప్పిన యేసే (మత్తయి 6:8) ఆ వెంటనే, కాబట్టి ఇలా ప్రార్థన చేయండి అని నేర్పించాడు. ఆయనకి తెలుసన్నది ప్రార్థన మానడానికి కారణం కాదు, చిన్నగా చేయడానికి కారణం. మాటలు పెంచి ఒప్పించాల్సిన పని లేదు. రెండు నిమిషాల ప్రార్థన చేశానని సిగ్గుపడకండి, పరలోక ప్రార్థన చదవడానికి నిమిషం కూడా పట్టదు.

నెల గడవడమే టెన్షన్‌గా ఉంది. చింతించకు అంటే ఎలా?

యేసు ఆ మాట అన్నది డబ్బున్నవాళ్ళతో మాత్రమే కాదు. ఏ రోజు కూలి ఆ రోజు తెచ్చుకుని తినేవాళ్ళు వినేవాళ్ళలో ఉన్నారు. అందుకే ప్రార్థనలో కూడా అడగమన్నది అనుదినాహారమే. ఏడాదికి సరిపడా నిల్వ అడగమనలేదు.

చింతించకు అంటే పని మానేయమనో, లెక్క చూసుకోవద్దనో కాదు. పక్షులు విత్తవు, కోయవు, కానీ పొద్దున్నే గూడు విడిచి తిండికి వెళ్తాయి. పనిచేయనొల్లనివాడు భోజనం చేయకూడదని పౌలు గట్టిగానే చెప్పాడు. ఇక్కడ ఒక మనిషి గురించి చెప్పాలి. జార్జ్ ముల్లర్ ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో 1836లో అనాథ పిల్లల కోసం ఇల్లు తెరిచాడు. 1898లో చనిపోయేలోగా పదివేల మందికి పైగా పిల్లలు ఆయన ఇళ్ళలో పెరిగారు. డబ్బు కావాలని ఏ మనిషినీ అడగకూడదని నియమం పెట్టుకుని, తండ్రినే అడిగాడు. అందరూ చెప్పుకునేది ఇంతవరకే. చెప్పుకోనిది ఏమిటంటే, వచ్చిన ప్రతి పైసాకీ లెక్క రాసి ఏటా బయటపెట్టేవాడు. తండ్రి మీద నమ్మకం, జమాఖర్చుల పుస్తకం ఆయన బల్ల మీద పక్కపక్కనే ఉండేవి. అందరికీ ఆ నియమం అని నేననను. అవసరమైతే సంఘంలో అడగండి, అందులో నామోషీ లేదు. తండ్రి చాలాసార్లు సహాయం పంపేది తోటి బిడ్డల చేతనే.

అప్పులవాళ్ళ ఒత్తిడి భరించలేనంతగా ఉండి, బతకాలని లేదనిపిస్తుంటే, ఆ మాట ఈ రోజే ఎవరికైనా చెప్పండి. రేపటిదాకా ఆగకండి.

తండ్రి అంటూ మరీ చనువు తీసుకుంటే భయభక్తులు ఏమవుతాయి?

మంచి ప్రశ్న, ఈ రోజుల్లో అడగాల్సిందే. "నేను తండ్రినైతే నాకు రావలసిన ఘనత ఏమాయెను?" అని మలాకీ 1:6లో దేవుడే అడుగుతాడు. తండ్రి అని పిలుస్తున్నారు గనుక భయంతో గడపండి అంటాడు పేతురు కూడా (1 పేతురు 1:17). పరలోక ప్రార్థనలో మొదటి మాట తండ్రీ అని పిలవడం, మొదటి మనవి నీ నామము పరిశుద్ధపరచబడును గాక అని.

కానీ ప్రేమించేవాడి మనసు నొప్పిస్తానేమో అన్న భయం వేరు, దెబ్బలు పడతాయేమో అన్న భయం వేరు. రెండోదానిలో శిక్ష తలపు ఉంటుందని, పరిపూర్ణ ప్రేమ దాన్ని వెళ్ళగొడుతుందని 1 యోహాను 4:18 చెబుతుంది. జాన్ వెస్లీ జీవితం చూడండి. అప్పటికే గురువుగా అభిషేకం పొంది, మిషనరీగా సముద్రం దాటి వెళ్ళొచ్చి, కఠినమైన నియమాలతో బతికినవాడు. 1738 మే 24న లండన్‌లోని ఒక కూటంలో క్రీస్తు తన పాపాలను తీసేశాడన్న నిశ్చయం ఆయనకి కలిగింది. ఆ ముందటి రోజుల్లో తనకున్నది సేవకుడి విశ్వాసం, కుమారుడి విశ్వాసం కాదు అని చాలా ఏళ్ళ తర్వాత ఆయనే రాసుకున్నాడు. అంతకుముందు ఆయన చేసిన పనులు చెడ్డవేం కావు. కుమారుడయ్యాక పని తగ్గించిందీ లేదు, గుర్రం మీద వేల మైళ్ళు తిరిగి ప్రకటించాడు.

దేవునిలో తల్లి ప్రేమ లేదా?

ఎందుకు లేదు? తల్లి తన చంటిబిడ్డను మరచినా నేను నిన్ను మరవను అంటాడు (యెషయా 49:15). తల్లి ఆదరించినట్టు ఆదరిస్తానంటాడు (66:13). కోడి తన పిల్లల్ని రెక్కల కింద చేర్చుకున్నట్టు చేర్చుకోవాలనుకున్నానని యెరూషలేమును చూసి యేసు బాధపడ్డాడు. ఆయన్ని మనం తండ్రీ అని పిలిచేది యేసు అలా నేర్పించాడు గనుక. దేవుడు పురుషుడని దాని అర్థం కాదు, ఆయన ఆత్మ.

ప్రార్థన తండ్రికి చేయాలా, యేసుకు చేయాలా?

సాధారణంగా తండ్రికి, యేసు నామంలో, పరిశుద్ధాత్మ సహాయంతో. క్రీస్తు కోసం మొదట ప్రాణమిచ్చిన స్తెఫను చనిపోతూ "యేసు ప్రభువా" అని పిలిచాడు కాబట్టి అదీ సరైనదే. మాట తడబడితే తండ్రి వినడని టెన్షన్ పడొద్దు.

సంఘంలో కొంతమందితో నాకు పడదు. నా తండ్రీ నేనూ చాలదా?

చాలదు. యేసు నేర్పిన ప్రార్థనలో "నా తండ్రీ" అని లేదు. మూడో శతాబ్దంలో కార్తేజు బిషప్‌గా ఉండి 258లో హతసాక్షి అయిన సిప్రియను దీన్ని గట్టిగా పట్టించుకున్నాడు. మనం ఒక్కరి కోసం కాదు, జనమంతటి కోసం ప్రార్థిస్తామని, "మా" అన్నది అందుకేనని నేర్పించాడు.

లూకా 15లో పెద్దకొడుకు సమస్య కూడా ఇదే. పొలం నుంచి వచ్చి, పాటలూ నాట్యమూ విని, లోపలికి రాడు. తండ్రే బయటికి వచ్చి బతిమాలాడు. ఈ కథలో ఆయన ఇద్దరు కొడుకుల కోసమూ గడప దాటాడని మనం గమనించం. పెద్దకొడుకు తండ్రీ అని పిలవకుండానే లెక్క విప్పుతాడు. ఇన్నేళ్ళు నిన్ను సేవించాను, ఎన్నడూ నీ ఆజ్ఞ మీరలేదు, నాకు ఒక మేకపిల్ల కూడా ఇవ్వలేదు. తమ్ముణ్ణి తమ్ముడనడు, "నీ కుమారుడు" అంటాడు. చిన్నవాడు దూరదేశం వెళ్ళి కూలివాడయ్యాడు, ఇతను ఇంట్లో ఉండే అయ్యాడు. "నావన్నియు నీవి" అన్న జవాబు విన్నాక లోపలికి వెళ్ళాడో లేదో యేసు చెప్పలేదు. ఏళ్ళ తరబడి సంఘంలో ఉన్న నాలాంటివాళ్ళు ఈ భాగాన్ని తరచుగా చదవాలి. కొత్తగా రక్షణ పొందినవాడికి పాట పాడే అవకాశం ఇస్తే మొహం ముడుచుకునేది మనమే.

పడకపోతే రోజూ భోజనానికి పిలవక్కర్లేదు. వాళ్ళ పేరు చెప్పి "మా తండ్రీ" అనండి, అంతే. కొన్నాళ్ళకు చికాకు కాస్త తగ్గుతుంది, పూర్తిగా పోతుందని మాట ఇవ్వను.

పిల్లల్ని పెంచుతున్నాం. వాళ్ళకి దేవుణ్ణి తండ్రిగా ఎలా చూపించాలి?

మొదట ఒకటి మానేయండి. అన్నం తినకపోతే "దేవుడు కొడతాడు", అబద్ధమాడితే "దేవుడు కళ్ళు పోగొడతాడు" అనడం. మాట వినిపించుకోవడానికి మనం దేవుణ్ణి బూచిలా వాడుకుంటాం. ఇరవై ఏళ్ళ తర్వాత అదే పిల్లాడు ఆయన దగ్గరికి రావడానికి జంకుతాడు.

పౌలు తండ్రులకు ప్రత్యేకంగా చెప్పింది, పిల్లలకు కోపం రేపవద్దని. కొలొస్సయులకు 3:21లో కారణం కూడా చెప్పాడు, వాళ్ళ మనసు కుంగిపోకుండా ఉండాలని. ఇంటి పెద్ద మాటకి తిరుగులేని రోజుల్లో ఇలా రాశాడు. మార్కులు తక్కువ వచ్చిన రోజు, గ్లాసు పగలగొట్టిన రోజు మీ మొహం ఎలా ఉంటుందో పిల్లలు చూస్తారు. సండే స్కూల్లో నేర్చుకున్న వాక్యం ఆ మొహం మీద సరిపోల్చుకుంటారు. మీరు కోపంలో హద్దు దాటితే, తర్వాత వాళ్ళ దగ్గర కూర్చుని "నాదే తప్పు" అనండి. తండ్రి కూడా పరలోకపు తండ్రి దగ్గర బిడ్డేనని వాళ్ళకి అప్పుడే అర్థమవుతుంది. తల్లి ఒక్కతే పెంచుతున్న ఇళ్ళల్లో ఏదో లోటని దిగులు పడకండి. తిమోతికి విశ్వాసం అందింది అవ్వ లోయి, అమ్మ యునీకే దగ్గర్నుంచే (2 తిమోతి 1:5).

ఇవన్నీ తెలుసు, నమ్ముతున్నాను. కానీ లోపల ఏమీ అనిపించట్లేదు.

అనిపించకపోయినా బిడ్డే. నిద్రపోయే పసిపిల్లకి తాను ఎవరి భుజం మీద ఉందో తెలియదు. కొంతమందికి ప్రార్థనలో కన్నీళ్ళు వస్తాయి, కొంతమందికి జీవితమంతా రావు. పాటలు గట్టిగా పాడినప్పుడు వచ్చే ఉద్వేగాన్ని దేవుని ప్రేమకి కొలతగా పెట్టుకుంటే, సోమవారం పొద్దున్నకి దేవుడు లేనట్టే అవుతుంది. నిద్ర, తిండి, దేనిమీదా ఆసక్తి లేకపోవడం వారాల తరబడి సాగుతుంటే అది డిప్రెషన్ కావచ్చు, డాక్టర్‌కి చూపించుకోండి.

చేయగలిగింది చిన్నది. పొద్దున లేచాక ఫోన్ తీయకముందు పరలోక ప్రార్థన ఒక్కసారి, వేగంగా కాకుండా. "మా తండ్రీ" దగ్గర కాసేపు ఆగండి. ఏమీ అనిపించకపోతే తర్వాతి మాటకి వెళ్ళిపోండి. రాత్రి పడుకునేముందు, ఆ రోజు సిగ్గుపడ్డ విషయం ఒకటీ సంతోషపడ్డ విషయం ఒకటీ ఆయనతో చెప్పండి. నెల రోజులు చేశాక కూడా మార్పు లేదనిపిస్తే మీ పాస్టర్ గారితోనో, ప్రార్థనలో అనుభవమున్న పెద్దావిడ ఎవరితోనైనా కూర్చుని మాట్లాడండి. వాళ్ళకీ అలాంటి ఏళ్ళు గడిచి ఉంటాయి, అడిగితే చెబుతారు.